సత్వా కబుర్లు: లా సీటుకు లోకల్ లెక్క

సత్వాలో టైలరింగ్ షాపుల వెనక వీధిలో ఉండే ఒక చెల్లెమ్మ అడిగింది: "అక్కా, మా అమ్మాయి లాయరవుతానంటోంది. ఎనిమిదో తరగతే కదా, ఇప్పుడే ఆలోచించాలా?"

ఇప్పుడే ఆలోచించాలమ్మా. మన రెండు రాష్ట్రాల్లో కాలేజీ సీట్లకు 'లోకల్' లెక్క ఉంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివితేనే మామూలుగా లోకల్. అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా. అమ్మానాన్నలది గుంటూరా, కరీంనగరా అన్నది ఆ లెక్కలోకి రాదు. లాసెట్‌లో 85 శాతం సీట్లు ఇలాంటి లోకల్ పిల్లలవి. మిగతా 15 శాతానికి, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు ఉన్నట్టు చూపిస్తే పోటీ పడొచ్చు. బయట ఉద్యోగం చేసిన ఏళ్లు అందులో కలవవు. సెలవులకు ఊరెళ్లినప్పుడే ఆ కాయితాల పని మొదలుపెట్టండి, దరఖాస్తు వారంలో తిరగడం కన్నా నయం.

అసలు మన దగ్గర లాసెట్ రాసేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ అయ్యాక మూడేళ్ల కోర్సుకు వచ్చేవాళ్లే. ఉద్యోగాలు చేసుకుంటూ రాసేవాళ్లూ ఉంటారు. పదిహేడేళ్లకే లా అనే పిల్లల చూపు క్లాట్ మీద ఉంటుంది. హైదరాబాద్ శామీర్‌పేటలోని నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ ఆ దారిలోవే. రాష్ట్రం పిల్లలకిచ్చే కోటాకు వాటి నియమాలు వేరు, ప్రాస్పెక్టస్ చదవాల్సిందే. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత. ఇక్కడి పిల్లలకు ఇంగ్లీషు భయం లేదు. చిక్కంతా ఇండియా వార్తల దగ్గరే. రోజూ ఒక ఇండియా పేపరు చదివించండి.

కొన్ని లా యూనివర్సిటీల్లో ఎన్నారై సీట్లున్నాయి. ఫీజు మామూలు సీటుకు చాలా పైన. షేరింగ్ ఫ్లాట్‌లో ఉండే కుటుంబానికి ఎన్నారై అన్న పేరే ఉంది, అంత డబ్బు లేదు.

చదివొచ్చి దుబాయ్‌లోనే వాదిస్తానంటే, ఇక్కడి కోర్టుల భాష అరబిక్, వాదించేది ప్రధానంగా ఎమిరాతీ లాయర్లు. మనవాళ్లు ఎక్కువగా లీగల్ కన్సల్టెంట్లుగా, కంపెనీల్లో పనిచేస్తారు. డీఐఎఫ్‌సీ కోర్టులు మాత్రం ఇంగ్లీషులో నడుస్తాయి.

లోకల్ కోసమే పిల్లను అమ్మమ్మ దగ్గరికి పంపాలా? నేనైతే పంపను. పదమూడేళ్ల పిల్లకు ఇల్లే ముఖ్యం, క్లాట్ ఎటూ ఉంది. కానీ ఎలాగూ కుటుంబమంతా వెనక్కి వెళ్లే ఆలోచనుంటే, పది అయ్యాక కాదు, తొమ్మిదిలో చేర్చేలోపే వెళ్లండి.