కోడిపిల్లలు కొనే ముందు వేయవలసిన లెక్క

వేసవి సెలవులు సమీపించేసరికి సైకిలుకు రెండు వైపులా బుట్టలు కట్టుకొని, గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగులు పులిమిన కోడిపిల్లలను అమ్మేవారు మన వీధుల్లోకి వస్తారు. పిల్లలు మారాం చేస్తారు. కొద్దిపాటి రూపాయలకే ఒక ప్రాణి దొరుకుతుంటే కాదనడానికి తల్లికి కారణం తోచదు. నాలుగు పిల్లలు అట్టపెట్టెలో ఇంటికి చేరతాయి. మొదటి రాత్రి చలికి ఒకటి, మరునాడు నీళ్ళగిన్నెలో పడి ఒకటి, మూడవనాడు పిల్లి నోట పడి ఒకటి పోతాయి. వారం తిరిగేసరికి పెట్టె ఖాళీ అవుతుంది. పోయినవి కొద్ది రూపాయలే కదా అని ఇంటివారు సరిపెట్టుకుంటారు.

కాని పోయినవి రూపాయలు మాత్రమేనా? భూమిపై సంచరించే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మనవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ (అన్ఆమ్ సూరా: 38) మనకు తెలియజేస్తున్నది. ఒక పిల్లిని బంధించి, అది చనిపోవడానికి కారణమైన స్త్రీ శిక్షకు గురైన విషయాన్ని దైవప్రవక్త (సఅసం) వివరించిన హదీసు మనలో చాలామందికి తెలిసినదే. ఆ హదీసులో రెండు విషయాలున్నాయి. ఆమె ఆ పిల్లికి తిండి పెట్టలేదు. తన ఆహారం తాను వెదుక్కునేందుకు దానిని వదలనూ లేదు. ఒక ప్రాణిని మన ఆధీనంలోకి తెచ్చుకున్న క్షణం నుంచి దాని పోషణ మనపై బాధ్యత అవుతుందన్న సంగతి దీనివలన స్పష్టమవుతుంది. పది రూపాయలకు కొన్నా, వంద రూపాయలకు కొన్నా ఆ బాధ్యతలో తేడా ఉండదు.

కనుక తక్కువ ఖర్చుతో కోళ్ళు పెంచుకోదలచిన గృహిణి ముందుగా వేయవలసిన లెక్క పిల్ల ధరను గురించి కాదు. "నేను ఎన్నింటిని సక్రమంగా సాకగలను?" అన్నదే మొదటి లెక్క. ఆ సంఖ్య పది అయితే ఇరవై చౌకగా దొరికినా పదే కొనాలి.

ఎటువంటి పిల్లలు కొనాలి?

వీధుల్లో రంగులు వేసి అమ్మే పిల్లలు చాలావరకు గుడ్ల జాతికి చెందిన పుంజుపిల్లలు. గుడ్ల కోళ్ళను ఉత్పత్తి చేసే హ్యాచరీలకు పెట్టలే కావాలి. పుంజులు వారికి పనికిరావు. అందుకే కారుచౌకగా బయటికి వస్తాయి. అవి ఎంత పెరిగినా గుడ్డు పెట్టవు, మాంసమూ అంతంతమాత్రమే. రంగు వేయడంలో, ఎండలో తిప్పడంలో అవి అప్పటికే సగం నీరసించి ఉంటాయి. గుడ్లకోసం పెంచదలచినవారికి ఈ కొనుగోలు ఏ విధంగానూ లాభదాయకం కాదు.

పెరటి పెంపకానికి అనువైన జాతులు మన ప్రాంతంలోనే లభిస్తున్నాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్రప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు ఇంటి పెరట్లో తిరిగి మేయడానికి తగినవి. గుడ్లే ప్రధానమనుకొనేవారికి గ్రామప్రియ, గుడ్లతోపాటు మాంసమూ కావాలనుకొనేవారికి వనరాజా అనుకూలం. నాటుకోడి ఏడాదికి సుమారు 50, 60 గుడ్లు మాత్రమే పెట్టినా, తానే పొదిగి, తానే పిల్లలను సాకుతుంది. మొదటి రెండు జాతులలో ఈ పొదిగే గుణం చాలా తక్కువ.

ఇంట్లో నాటుపెట్ట పొదుగుకు కూర్చున్నట్లయితే అంతకు మించిన పొదుపు మార్గం లేదు. 10 నుంచి 12 గుడ్లు వేస్తే 21 రోజులకు పిల్లలు వస్తాయి. బల్బు అక్కరలేదు, కాపలా అక్కరలేదు. తల్లి రెక్కల కింది వెచ్చదనం అల్లాహ్ ఏర్పాటు చేసిన ఉచిత సదుపాయం.

పొదిగే పెట్ట లేనివారికి రెండు దారులున్నాయి. ఒకటి, ఒకరోజు వయసు పిల్లలను కొనడం. రెండవది, 4 నుంచి 6 వారాలు పెంచి, టీకాలు వేసిన పిల్లలను కొనడం. రెండవదాని ధర ఎక్కువగా కనిపిస్తుంది. అయితే ఇలా ఆలోచించండి. 30 రూపాయల చొప్పున పది చిన్నపిల్లలను 300 రూపాయలకు కొన్నామనుకుందాం. వాటిలో ఐదు దక్కితే ఒక్కోదాని అసలు ధర 60 రూపాయలు అవుతుంది. చనిపోయినవి అప్పటివరకు తిన్న మేత దీనికి అదనం. కనుక అనుభవం లేనివారు తొలిసారి పెంచిన పిల్లలనే తీసుకోవడం మేలు.

కొనేటప్పుడు పిల్ల కళ్ళు చురుకుగా ఉన్నాయా, కాళ్ళపై నిటారుగా నిలబడుతున్నదా, బొడ్డు ఆరిపోయి శుభ్రంగా ఉన్నదా, వెనుకభాగంలో రెట్ట అంటుకొని ఉన్నదా అన్నది చేతిలోకి తీసుకొని పరీక్షించాలి. పుట్టిననాడే వేయవలసిన మారెక్స్ టీకా వేశారో లేదో అమ్మేవారిని అడిగి తెలుసుకోవాలి.

మొదటి మూడు వారాలు

కోడిపిల్ల తొలి శత్రువు చలి. మొదటి వారంలో దానికి సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తరువాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. ఒక వెదురు గంప, అడుగున రెండంగుళాల మందాన ఊక, దానిపై తొలి రెండు మూడు రోజులు పాత వార్తాపత్రికలు, పైనుంచి వేలాడే 60 వాట్ల బల్బు ఒకటి ఉంటే పది పిల్లలకు చాలును. అయితే అది పాతకాలపు తీగ బల్బు అయి ఉండాలి. ఇప్పుడు ఇళ్ళలో వాడే ఎల్.ఇ.డి. బల్బు వెలుగునిస్తుంది గాని పిల్లలకు చాలినంత వేడిని ఇవ్వదు. ఈ సంగతి తెలియక, "బల్బు పెట్టినా పిల్లలు చనిపోయాయి" అని వాపోయే ఇళ్ళు ఉన్నాయి. బల్బు ఊకకు గాని, గోనెపట్టాకు గాని తగలకుండా గట్టిగా కట్టాలి. లేకుంటే నిప్పు అంటుకొనే ప్రమాదమున్నది.

వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిపై ఒకటి పడి కిచకిచమంటుంటే చలి వేస్తున్నదని అర్థం. దూరంగా జరిగి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని అర్థం. గంప అంతటా పరుచుకొని మేస్తూ, నిద్రిస్తూ ఉంటే సరిగా ఉన్నట్లు. నడివేసవిలో పగటిపూట బల్బు అవసరముండదు. రాత్రి మాత్రం చూసుకోవాలి. కరెంటు పోయినప్పుడు సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి గంపలో ఉంచవచ్చు. మూసిన గదిలో కుంపటి మాత్రం పెట్టరాదు. దాని పొగ పిల్లలకే కాక ఇంటివారికీ ప్రాణాంతకం.

ఇంటికి తెచ్చిన వెంటనే ముందు నీళ్ళు, తరువాతే మేత. తొలినాడు నీటిలో కొద్దిగా బెల్లం కలిపితే ప్రయాణపు బడలిక తీరుతుంది. నీళ్ళ పళ్ళెం లోతు తక్కువగా ఉండాలి. అందులో శుభ్రమైన గులకరాళ్ళు వేస్తే పిల్లలు పడి మునగవు. నూకలు చల్లితే చాలునన్న అభిప్రాయం మనలో ఉన్నది. నూకలు కడుపు నింపుతాయి గాని ఎదుగుదలకు చాలవు. తొలి ఆరు వారాలు మాంసకృత్తులు సుమారు 20 శాతం ఉండే పిల్లల దాణానే పెట్టాలి. ఆ తరువాత పెరట్లో వదిలి నూకలు, తవుడు, వంటింటి ఆకుకూరల తుక్కు, పురుగు పుట్రలతో మేత ఖర్చు తగ్గించుకోవచ్చు. పొదుపు చేయవలసిన కాలం అది. మొదటి ఆరు వారాలు కాదు.

టీకాలు: పదిమంది కలిస్తే సులభం

ఊరిమీద కొక్కెర తెగులు పడితే ఒక్కవారంలో పెరళ్ళన్నీ ఖాళీ అవుతాయి. దీనికి చికిత్స లేదు, టీకాయే మార్గం. 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా చుక్క కంటిలో వేయాలి. 14వ రోజు ప్రాంతంలో గంబోరో టీకా, నాలుగవ వారంలో మళ్ళీ లసోటా, ఆరేడు వారాలకు మశూచి టీకా, 8 నుంచి 10 వారాల మధ్య కొక్కెర తెగులుకు ఆర్.2.బి. టీకా వేయించాలి. మీ ప్రాంత పశువైద్యుని సలహా మేరకు ఈ తేదీలలో కొద్ది మార్పులు ఉండవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. టీకామందు సీసాలో వంద, రెండువందల కోళ్ళకు సరిపడే మోతాదు ఉంటుంది. మంచుగడ్డల మధ్య ఉంచి తేవాలి; కలిపిన తరువాత రెండు గంటలలోపే వాడాలి. పది పిల్లలున్న ఇల్లు సీసా అంతా కొనలేదు. అందువలన టీకాయే మానేస్తున్నారు. వీధిలోని పది ఇళ్ళవారు ఒకే వారంలో పిల్లలను తెచ్చుకొని, ఒకే సీసా కొని, ఒకేనాడు వేయించుకుంటే ఒక్కో ఇంటికి పడే ఖర్చు స్వల్పం. ముస్లిమేతర సోదరుల ఇళ్ళను కూడా ఇందులో కలుపుకోవాలి. తెగులు మతం చూసి రాదు. మేలు చేయడంలోనూ మనం ఆ తేడా చూడరాదు.

పది పిల్లల ఖర్చు

కాగితంపై ఈ పద్దులు వేసుకొని, మీ ఊరి ధరలు ఎదురుగా వ్రాసుకోండి. పది పిల్లల ధర. ఆరు వారాల దాణా, పిల్లకు కిలో నుంచి కిలోన్నర చొప్పున 10 నుంచి 15 కిలోలు. 60 వాట్ల బల్బు రాత్రి 12 గంటల చొప్పున మూడు వారాలకు సుమారు 15 యూనిట్ల కరెంటు. టీకాలలో మీ వంతు. రాత్రి గూటికి తలుపు, జాలి. చివరి పద్దును చాలామంది మరచిపోతారు. పిల్లి, ముంగిస, పందికొక్కు రాత్రివేళ కోసమే కాచుకొని ఉంటాయి. ఈ మొత్తంలో పిల్లల ధర చిన్న భాగమేనని మీకే తెలుస్తుంది. మొత్తం భారమనిపిస్తే పదిని ఐదుకు తగ్గించండి గాని, దాణానో టీకానో కొట్టివేయకండి.

పెరిగిన తరువాత

విడిగా తిరిగే కోడి అశుద్ధాన్ని కూడా మేస్తుంది. అశుద్ధమే ప్రధాన ఆహారంగా గల జంతువు మాంసాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) అటువంటి కోడిని మూడురోజులు కట్టి ఉంచి, శుభ్రమైన మేత పెట్టిన తరువాతే జిబహ్ చేసేవారు. మన ఇళ్ళలో ఈ అలవాటును తిరిగి తెచ్చుకోవడం అవసరం. అలాగని అనుమానాలతో కోడిమాంసాన్నే మానుకోనవసరం లేదు. కోడి ఏదో మలినం తినడం చూశానని ఒక వ్యక్తి భోజనానికి వెనుకాడినప్పుడు, దైవప్రవక్త (సఅసం) కోడిమాంసం తినగా తాను చూశానని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) అతనికి చెప్పిన సంఘటన బుఖారీలో ఉన్నది. జిబహ్ చేసేటప్పుడు కత్తిని పదును పెట్టుకోవడం, ఆ పని కోడి కళ్ళెదుట చేయకపోవడం మరువరాదు.

సంక్రాంతి సమీపిస్తుంటే బలిష్ఠమైన పుంజుకు రెట్టింపు ధర ఇస్తామని వచ్చేవారుంటారు. ముఖ్యంగా గోదావరి, కృష్ణా జిల్లాలలో ఇది సాధారణం. కత్తి కట్టి పందెంలో దింపడానికే ఆ ధర అని తెలిసి అమ్మడం జూదానికీ, మూగజీవి హింసకూ చేయూతనివ్వడమే. తెగులు సోకిందని తెలిసిన కోళ్ళను మరునాడే సంతకు తోలడం కూడా అటువంటిదే. ధాన్యపురాశిలో తడిసిన గింజలను లోపల దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (సఅసం) ఎలా మందలించారో గుర్తుంచుకోవాలి. చనిపోయిన కోళ్ళను సున్నం చల్లి లోతుగా పూడ్చాలి, పశువైద్యశాలకు తెలియజేయాలి.

పొరుగువారి పెరట్లో మన కోళ్ళు మొలకలు పెకలిస్తుంటే, మన గూటి వాసన వారి వంటింట్లోకి వెళుతుంటే ఆ గుడ్లలో బర్కత్ ఎలా ఉంటుంది? ఊక తరచుగా మార్చాలి, చుట్టూ జాలి కట్టాలి. అప్పుడప్పుడు నాలుగు గుడ్లు పొరుగింటికి పంపాలి.

గుడ్ల డబ్బు ఎవరిదన్న ప్రశ్న కూడా ఇళ్ళలో తలెత్తుతుంది. తన సొమ్ముతో, తన శ్రమతో ఇల్లాలు సంపాదించినది ఆమెదే. స్త్రీలు ఆర్జించినదానిలో వారి భాగం వారికున్నదని దివ్య ఖుర్ఆన్ (నిసా సూరా: 32) స్పష్టం చేసింది. ఆమె ఇష్టపూర్వకంగా ఇంటికి ఖర్చు చేస్తే అది ఆమె ఔదార్యం. అడిగి తీసుకోవడం భర్త హక్కు కాదు.

ఇక పిల్లల సంగతి. ఒకమారు పక్షి కూనలను కొందరు పట్టుకురాగా, తల్లిపక్షి తల్లడిల్లడం చూసిన దైవప్రవక్త (సఅసం) దాని పిల్లలను దానికి తిరిగి ఇమ్మని ఆజ్ఞాపించారు. ఈ సంఘటనను మన పిల్లలకు చెప్పి, ఆ తరువాత కోడిపిల్లను వారి చేతిలో పెట్టండి. ఉదయం నీళ్ళు మార్చే పని ఒకరికి, సాయంత్రం గూటి తలుపు వేసే పని మరొకరికి అప్పగించండి. పట్టుకున్న తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం నేర్పండి. రంగుపిల్ల ఒక వారం ఆటవస్తువు. సక్రమంగా సాకిన పిల్ల ఐదారు నెలలకు గుడ్డు పెట్టి, ప్రాణికి మనం జవాబుదారులమన్న సత్యాన్ని పసిమనసులో నాటుతుంది.

మన ఆధీనంలో ఉన్న ప్రతి ప్రాణి పట్ల దయతో, న్యాయంతో మెలిగే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.