ఇనుము మీద పుట్టినరోజు

బాలలూ! అమెరికాలో పాంటియాక్ కంపెనీవారి 1964 నాటి జి.టి.ఓ. కారును నేటికీ ముచ్చటపడి బాగుచేసుకునేవారున్నారు. దాని ఇంజనుకు ఎనిమిది సిలిండర్లు, ప్రక్కకు నాలుగు. ఆ నాలుగింటి వేడిపొగనూ కూడగట్టి గొట్టంలోకి పంపే పోతఇనుప భాగమే ఎగ్జాస్టు మానిఫోల్డు. పాతది పగిలిందనుకోండి. బోల్టులు పట్టినంత మాత్రాన ఏదో ఒకటి తగిలిస్తే, తెలిసినవారు ఒప్పుకోరు! దానిమీద పోతపోసిన తేదీ ఉంటుంది. ఎ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి. “సి 12 4” అంటే 1964 మార్చి 12. కారు ఫిబ్రవరిలోనే తయారైతే, ఆ భాగం దానిది ఎలా అవుతుంది?

బిగించడంలోనూ ఓర్పు కావాలి. ఇనుము వేడికి సాగుతుంది గదా! అందుకని నడిమి బోల్టులతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా కొసలకు పోవాలి.

మరి “ఎ 8 4” అని ఉన్నది ఆ ఫిబ్రవరి కారుదై ఉండవచ్చునా? మీరే చెప్పండి.