సూదిమొనయు పసిబిడ్డలును



బిడ్డకు ఒడలు వెచ్చబడినంతనే "ఒక సూదిమందు పడినగాని జ్వరము దిగదు" అనుమాట మన కృష్ణా మండలమున ఇంటింట వినవచ్చును. విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు దారులు కలియు మన హనుమాన్ జంక్షనులోను అంతియే. సూది వేసినవాడే వైద్యుడనియు, మాత్ర లిచ్చి పంపినవానికి వైద్యము రాదనియు తలంచువారు మనలో పెక్కుమంది కలరు. ఆ తలంపు చాటున దాగిన యపాయమును ఈ మాసమున మీకు విన్నవింతును.

పచ్చకామెర్లనగా కన్నులు పసుపుబాఱుటయని మన మెఱుగుదుము. కాని హెపటైటిస్ సి అను కాలేయవ్యాధి తఱచుగా నా గుర్తును చూపదు. బిడ్డ ఆడుకొనును, బడికి బోవును. లోపల కాలేయము ఏండ్ల తరబడి మెల్లగా చెడుచుండును. ఈ వ్యాధి క్రిమిని 1989లో గుర్తించిరి. 2018 నాటి అంచనా ననుసరించి లోకమున 18 ఏండ్ల లోపువారిలో సుమారు 32 లక్షలమంది దీని పాలబడియుండిరి. అందు సగముమంది ఐదు దేశములలోనే కలరు. వానిలో మన దేశ మొకటి.

ఇది రక్తమునుండి రక్తమునకు ప్రాకును. మనవలెనే కాలువలు, పొలములు గల ఈజిప్టు దేశమున, నీటినత్తలవలన వ్యాపించు పురుగురోగమును మాన్పుటకై 1950ల నుండి 1980ల వఱకు పల్లెవాసులకు సూదిమందు లిచ్చిరి. సూదులను సరిగా శుద్ధిచేయక ఒకరి వెనుక నొకరికి వాడుటచే, ఒక రోగమును మాన్పబోయి మఱియొకదానిని ఊళ్లకు ఊళ్లకే అంటించిరి. ఆ దేశమే 2018-19లో కోట్లమందిని, బడిపిల్లలను సైతము, పరీక్షించి ఉచితముగా మందు లిచ్చినది. గుజరాతులోని మొదాసాలో 2009లో వాడిన సూదులనే మరల వాడుటచే, దీని తోబుట్టువైన హెపటైటిస్ బి వ్యాపించి పెక్కుమంది మరణించిరి.

కావున అక్కలారా, మాత్రతో పోవు జ్వరమునకు సూది నడుగకుడు. సూది తప్పనిదైనచో క్రొత్త పొట్లమును మీ కన్నులయెదుట విప్పుమనుడు. చెవులు కుట్టించునపుడు క్రొత్త సూదిని, పుట్టువెండ్రుకలు తీయించునపుడు క్రొత్త బ్లేడును అడుగుడు. టీకాలకు మాత్రము వెనుదీయవలదు. ప్రభుత్వము వారు వేయు టీకాలకు ఒక్కమాఱు వాడగనే బిగిసిపోవు సిరంజి లున్నవి. రక్త మెక్కించవలసిన బిడ్డకు అనుమతి గల రక్తనిధి నుండియే తెప్పింపుడు. 2001 నుండి దాతల రక్తమున ఈ క్రిమిని పరీక్షించుట చట్టవిధి యైనది.

తల్లికి ఈ వ్యాధి యున్నచో నూటికి ఐదాఱుగురు బిడ్డలకు కాన్పుతో సంక్రమింపవచ్చును. పుట్టిన వెంటనే చేసిన ప్రతిరక్షక పరీక్ష తల్లి రక్తపు జాడనే చూపవచ్చును గనుక, సాధారణముగా 18 మాసములు నిండినపిమ్మట పరీక్షింతురు. చనుమొనలు చిట్లి రక్తము రానంతవఱకు పాలిచ్చుట మానవలదు.

ఈ వ్యాధికి టీకా లేదు, మందున్నది. మూడేండ్లు నిండిన బిడ్డలకును ఇప్పుడు నోటిమందు లీయవచ్చును. సాధారణముగా 12 వారములు వాడినచో నూటికి తొంబదియైదుగురికి పైగా స్వస్థులగుదురు. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ కార్యక్రమమున పరీక్షయు మందును ఉచితములు.

ఒక మాట మఱవకుడు. ఒక కంచమున దినుటవలన, ఎత్తుకొని ముద్దాడుటవలన, ప్రక్కన గూర్చుండుటవలన ఇది అంటదు. రోగము బయటపడిన బిడ్డకు కంచము వేఱు, పడక వేఱు చేసి తోడిపిల్లలను దూరముగా నుంచు ఇండ్లు కలవు. దాని కళంకమునకు జంకి పరీక్షనే మానుకొను తల్లులును కలరు. నయమగు రోగమును ఈ విధముగ దాచి పెంచుట బిడ్డకు మనమే చేయు ద్రోహము. ఇంట నెవరికైన పూర్వము రక్తమెక్కించి యున్నను, సూదిమందులు పలుమాఱులు పడియున్నను, ఈ మాసమందే సర్కారు ఆసుపత్రికి బోయి పరీక్ష చేయించుకొనుడు. ఇరుగుపొరుగు తల్లులకును ఈ మాట చెప్పుడు.