మూడో డోసు ఎవరి నిర్ణయం?

పిల్లలకి టీకాలు వేయించడం తల్లి బాధ్యత అని అందరూ చెబుతారు. వేయించాక బిడ్డ తొడ వాచి, ఎర్రబడి, రాత్రంతా ఏడిస్తే ఆ తల్లి ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ.

మా మేనకోడలు తన పాపకి పది వారాలకి రెండో పెంటావాలెంట్ టీకా వేయించింది. సాయంత్రానికి తొడ వాచి గట్టిపడింది. రెండు రాత్రులు ఆమెకి నిద్ర లేదు. "ఇంక సూదులు చాలు, నువ్వే తీసుకెళ్ళావు" అన్నారు అత్తగారు. భర్త మాట్లాడలేదు. ఆరోగ్య కేంద్రంలో అడిగితే "అందరికీ వచ్చేదేనమ్మా, తేదీకి తీసుకురా" అన్నారు. ఒకరు వద్దన్నారు, ఒకరు రమ్మన్నారు. నీకేమనిపిస్తోందని ఆమెని అడిగినవారు లేరు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మూడో డోసు వేయించాలి. సూది వేసిన చోట వాపు, నొప్పి, దాంతోపాటు జ్వరం సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. ప్రభుత్వం ఉచితంగా వేసే ఈ టీకాలో చంపిన కోరింత దగ్గు క్రిమి మొత్తంగా ఉంటుంది కనుక ఈ బాధ కాస్త ఎక్కువ. అంతమాత్రాన తరువాతి డోసు ఆపనక్కరలేదు. ఆపితే కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గుల నుంచి రక్షణ అరకొరగా మిగులుతుంది. 14 వారాల తేదీ దాటిపోయినా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే పని లేదు. అయితే టీకా వేసిన కాసేపటికే ఊపిరాడకపోయినా, ముఖం వాచినా, తరువాతి రోజుల్లో ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వేరే సంగతి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. డాక్టరు నిర్ణయించకుండా ఆ టీకా మళ్ళీ వేయించకూడదు.

ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ప్రైవేటు ఆసుపత్రిలో వేల రూపాయలు తీసుకుని "నొప్పి లేని టీకా" గురించి ఓపిగ్గా వివరిస్తారు. ఉచితంగా వేయించుకునే తల్లికి ఆ వివరణ ఎందుకు అందదు? ఇందుకు ఏఎన్ఎంని తిట్టి లాభం లేదు. ఒక్క పూటలో అంతమంది పిల్లల్ని చూసి, రిజిస్టర్లు నింపి, లెక్కలు చూపించాల్సింది ఆమే.

తల్లులు సందేహిస్తే అజ్ఞానం అనేస్తారు. కానీ ఆ సందేహం ఊరికే పుట్టింది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ బాలికలకి హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు, తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది. టీకా మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న. అడగకుండా వెయ్యడం తప్పా కాదా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోది తీరిపోదు.

అందుకే మనం అడగాల్సినవి ఇవి. గత డోసుకి వచ్చిన బాధని తల్లీబిడ్డల కార్డులో రాయాలి. ఏ లక్షణం కనబడితే ఆసుపత్రికి పరుగెత్తాలో ముందే చెప్పాలి. తరువాతి సూదికి ముందు తల్లి చెప్పేది వినాలి. అప్పుడు ఆమె "వెయ్యండి" అంటే అది ఆమె నిర్ణయం అవుతుంది.