కన్సోల్ వేగం పెట్టె మీదే రాసి ఉండాలి

సర్వర్ కొన్నప్పుడు బిల్లు, వారంటీ కార్డు, ఐపీ అడ్రస్, పాస్‌వర్డ్ అన్నీ జాగ్రత్తగా అడిగి తీసుకుంటాం. సీరియల్ కన్సోల్ వేగం ఎంతని మాత్రం అడిగేవారు అరుదు. నెట్‌వర్క్ తెగిపోయి, యంత్రం బూట్ కాకుండా మొరాయించిన రోజున ముందుగా కావలసింది ఆ నంబరే. సర్వర్ల నిర్వహణే వృత్తిగా ఉన్నదాన్ని కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఆ వేగాన్ని అమర్చి, పరీక్షించి, పెట్టె మీద రాసి ఇస్తే తప్ప పని పూర్తయినట్టు ఎవరూ సంతకం పెట్టకూడదు.

సర్వర్లలో, రౌటర్లలో చాలావాటికి తెర ఉండదు. కేబుల్‌తో సీరియల్ పోర్టును ల్యాప్‌టాప్‌కు కలిపితే, సరిగ్గా అమర్చిన యంత్రం తొలి సందేశం నుంచి లాగిన్ దాకా అన్నీ చూపిస్తుంది. అయితే ఈ తీగలో క్లాక్ సిగ్నల్ రాదు. ఒక్కో బిట్ ఎంతసేపు ఉంటుందో రెండు వైపులా ముందే ఒప్పుకొని ఉండాలి. పంపేవైపు సెకనుకు 9600 బిట్లు, చదివేవైపు 115200 ఉంటే తెర నిండా అర్థంలేని గుర్తులే.

బూట్ సమయంలో ఆ పోర్టు చేతులు మారుతూ పోవడమే అసలు చిక్కు. మొదట ఫర్మ్‌వేర్, తర్వాత గ్రబ్ లాంటి బూట్‌లోడర్, ఆపైన లినక్స్ కెర్నల్, చివరికి లాగిన్ అడిగే గెట్టీ. దేని సెట్టింగు దానిదే. కెర్నల్‌కు కన్సోల్ పోర్టు పేరు చెప్పి వేగం చెప్పకపోతే అది మామూలు పీసీ పోర్టును 9600కు పెట్టేస్తుంది.

మొన్న వేసవిలో ఒక జిల్లా కేంద్రంలోని కాలేజీలో జరిగింది ఇదే. కరెంటు పోయి వచ్చాక ఫీజుల రికార్డులున్న సర్వర్ లేవలేదు. డిస్క్ పోయిందని కొత్త యంత్రానికి కొటేషన్ కూడా తెప్పించారు. నేను 115200 వేగంతో చూస్తే ఫర్మ్‌వేర్, గ్రబ్ సందేశాలు శుభ్రంగా వచ్చాయి. కెర్నల్ మొదలవగానే అంతా గజిబిజి. ల్యాప్‌టాప్‌ను 9600కు మార్చి మళ్లీ బూట్ చేస్తే సంగతి బయటపడింది. ఎప్పుడో తీసేసిన బ్యాకప్ డిస్క్ పేరు, బూట్‌లో కలపాల్సిన డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో అలాగే ఉంది. దానికోసం ఎదురుచూసి సిస్టం ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయింది. ఆ ఒక్క వరుస తీసేస్తే సర్వర్ లేచింది. డిస్క్‌కు ఏమీ కాలేదు. అమర్చినవారు కెర్నల్ వేగం రాసి ఉంటే ఆ సందేశాన్ని అక్కడి సిబ్బందే చదువుకునేవారు.

నా సలహా నాలుగు దశల్లోనూ 115200. ఒక అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి పది బిట్లు పడతాయి. అంటే 9600 దగ్గర సెకనుకు 960 అక్షరాలు, 115200 దగ్గర 11,520. బూట్ సందేశాలు 60 వేల అక్షరాలుంటే మొదటిదానికి నిమిషం దాటుతుంది, రెండోదానికి సుమారు అయిదు సెకన్లు చాలు. సందేశం పోర్టు దాటేదాకా కెర్నల్ ఆగే సందర్భాలూ ఉన్నాయి కనుక వేగం తక్కువైతే బూటే ఆలస్యమవుతుంది.

రిమోట్ మేనేజ్‌మెంట్ ఉండగా ఈ పాత పోర్టు ఎందుకని కొందరంటారు. నెట్‌వర్క్ మీదుగా వచ్చే సీరియల్ కన్సోల్ కూడా లోపల సీరియల్ పోర్టునే వాడుతుంది. అక్కడ వేగాలు కలవకపోయినా ఇదే గజిబిజి. ఊహించి కనిపెట్టొచ్చన్న ధీమా కూడా వద్దు. చాలా నెట్‌వర్క్ పరికరాలు 9600తో వస్తాయి, రాక్‌చిప్ బోర్డుల్లో ఎక్కువగా 15 లక్షలు ఉంటుంది. అలాంటివాటిని ఉన్న వేగంలోనే ఉంచినా తప్పులేదు, ఆ నంబరు మాత్రం రాసి ఉండాలి.

కాలేజీలు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయాలు నడిపేవారికి నా విన్నపం: టెండరులో ఈ ఒక్క షరతు చేర్చండి. సర్వర్ అప్పగించే రోజున మీ ఎదుటే ఆపి, కేబుల్ పెట్టించి, మళ్లీ ఆన్ చేయించండి. మొదటి సందేశం నుంచి లాగిన్ దాకా ఒకే వేగంలో చదవగలిగితేనే బిల్లు చెల్లించండి.