వణుకు అవిశ్వాసం కాదు



2019 నవంబరు 11, సోమవారం ఉదయం కాచిగూడ స్టేషనులో రెండు రైళ్లు ఢీకొన్న సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒకటి ఎం.ఎం.టి.ఎస్., రెండోది కర్నూలు నుంచి గద్వాల, మహబూబ్‌నగర్ మీదుగా వచ్చే హంద్రీ ఎక్స్‌ప్రెస్. పట్నంలో ఆసుపత్రికి, కూలి పనికి, పిల్లల కాలేజీకి మన పల్లెలవాళ్లు ఎక్కే బండి అది. పదిమందికి పైగా గాయపడ్డారు. ఎం.ఎం.టి.ఎస్. లోకో పైలట్ నుజ్జయిన కేబిన్లో ఇరుక్కుపోయారు. ఆక్సిజన్ అందిస్తూ, ఇనుము కోస్తూ దాదాపు 8 గంటలు కష్టపడి ఆయనను బయటికి తీశారు. కొద్దిరోజులకే ఆయన ఆసుపత్రిలో కన్నుమూశారు.

పేపర్లలో లెక్క వచ్చేది గాయపడ్డవారిదే. అదే పెట్టెలో ఉండి చిన్న గీత కూడా పడకుండా దిగినవారు, ప్లాట్‌ఫారం మీద నిలబడి కళ్లారా చూసినవారు ఏ లెక్కలోనూ రారు. ఇంటికి వస్తే మనం ఏమంటాం? "దెబ్బ తగల్లేదు కదా, దేవునికి స్తోత్రం" అంటాం. ఆ రాత్రి వాళ్లకు నిద్ర పట్టదు. కళ్లు మూస్తే అదే చప్పుడు. దూరంగా హారన్ వినబడితే గుండె దడ, చేతుల్లో వణుకు. అన్నం సహించదు, చిన్న మాటకే కోపం. పిల్లలైతే తల్లి కొంగు వదలరు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. అప్పుడు మనలో ఎవరో ఒకరు తిమోతి పత్రిక తీసి, "దేవుడు మనకు పిరికి ఆత్మ ఇవ్వలేదు, నీ విశ్వాసం ఏమైంది?" అని అడుగుతారు.

ప్రియులారా, ఆ వణుకు అవిశ్వాసం కాదు. ఇంట్లో దొంగ పడి పోయాక కుక్క నాలుగురోజులపాటు ఆకు కదిలినా మొరుగుతుంది. కుక్క చెడిపోలేదు, కాపలా కాస్తోంది. మన శరీరాన్ని కూడా దేవుడు అలాగే చేశాడు. అపాయం దాటిపోయిందని మనసుకు తెలిసినా, ఒంటికి తెలియడానికి కొంత సమయం కావాలి. చాలామందికి కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో అది దానంతటదే తగ్గిపోతుంది.

ఏలీయాను చూడండి. కర్మెలు కొండ మీద అగ్ని దింపిన ప్రవక్త, యెజెబెలు చంపుతానని కబురు పంపితే పారిపోయి, అడవిలో చెట్టు కింద పడి చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దేవుడు ఏంచేశాడు? గద్దించలేదు, ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి వేడి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తినిపించాడు. హోరేబు చేరాకే నీకిక్కడ ఏం పని అని అడిగాడు. ఏలీయా తన గోడు చెప్పాడు. దేవుడు రెండోసారి అడిగితే మళ్లీ అదే గోడు, అవే మాటలు. చెప్పిందే చెబుతున్నావని దేవుడు విసుక్కోలేదు. చివరికి తోడుగా ఎలీషాను ఇచ్చాడు. నిద్ర, ఆహారం, వినే చెవి, ఒక తోడు. దేవుడు పాటించిన ఈ వరుసను సంఘం ఎందుకు తిరగేస్తోంది?

తిరగేస్తోందని ఎందుకంటున్నానంటే, ప్రమాదం తప్పించుకున్నవారికి వచ్చే ఆదివారమే మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమనడం మనకు అలవాటు. సాక్ష్యం వల్ల దేవునికి మహిమ కలగదా అంటే, కలుగుతుంది. కాని సాక్ష్యం పండు లాంటిది. పచ్చికాయను పిసికితే పండు కాదు. వెంటనే కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. తనంతట తాను చెబితే ఎన్నిసార్లైనా వినండి. చెప్పకపోతే పక్కన కూర్చోండి. యోబు స్నేహితులు 7 రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడిపోయారు.

చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. వేళకు ఇంత వేడి అన్నం పట్టుకెళ్లండి. రాత్రి ఒంటరిగా వదలకండి. ఆ వీడియోలు ఫోన్లో మళ్లీ మళ్లీ చూపించకండి, పంపకండి. మందు తాగి నిద్రపోవడం, ఎవరికో రాసిన నిద్రమాత్ర వేసుకోవడం వద్దు. మళ్లీ రైలు ఎక్కడానికి భయపడితే తోడుగా వెళ్లండి. మొదటిసారి ఒక్క స్టేషను దూరమైనా చాలు. ప్రార్థన తప్పకుండా చేయండి, పొట్టిగా, మెల్లని గొంతుతో. అరుపులకు అదిరిపడే మనిషి దగ్గర కేకలు వేసి ప్రార్థించనక్కరలేదు.

నెల దాటినా నిద్ర లేకపోయినా, పనికి పోలేకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చావు మాట ఎత్తితే నెల ఆగకండి, ఆ రోజే వెళ్లండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్‌లో ఉచితంగా, ఏ వేళనైనా, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఎర్రగడ్డ పేరు చెప్పి ఎగతాళి చేసే అలవాటు సంఘంలో మానేద్దాం. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే కదా. కాలు విరిగితే కట్టు కట్టించుకోవడం అవిశ్వాసం కానప్పుడు, మనసు అదిరితే మందు అవిశ్వాసం ఎలా అవుతుంది?

మీ వీధిలో అలా అదిరిపోయిన మనిషి ఉంటే ఈ వారం వెళ్లి కలవండి. వాక్యం తర్వాత చెప్పవచ్చు. ముందు అన్నం గిన్నె తీసుకెళ్లండి. ఏలీయాకు నిద్రనిచ్చిన దేవుడు వారికీ మంచి నిద్ర దయచేయును గాక. ఆమెన్.