బ్రేకు ఎందుకు వణికింది?



కిందటి సంక్రాంతి సెలవులకు మా అబ్బాయి మమ్మల్నందరినీ కారులో అరకులోయకు తీసుకువెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో ఘాటురోడ్డు దిగుతున్నాం. "పల్లానికి దిగేటప్పుడు పెట్రోలు దండగ ఎందుకురా? గేరు తీసేసి న్యూట్రల్‌లో పోనీ. బండి దానంతటదే దిగుతుంది," అన్నాను నేను. నా చిన్నతనంలో డ్రైవర్లు అలాగే చేసేవారు. మావాడు నా మాట కాదనలేక గేరు తీసేశాడు.

సగం కొండ దిగామో లేదో, ఒక మలుపు దగ్గర బ్రేకు తొక్కేసరికి స్టీరింగు గడగడ వణికింది. కాలు తీస్తే వణుకు లేదు. మళ్ళీ తొక్కితే మళ్ళీ వణుకు. ముందు చక్రాల నుంచి ఏదో మాడిన వాసన కూడా వచ్చింది. "తాతయ్యా, కారుకు చలిజ్వరం వచ్చిందా?" అన్నాడు మా మనమడు. మామూలప్పుడైతే అందరం నవ్వేవాళ్ళమే. కాని ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఎవరికీ నవ్వు రాలేదు.

రోడ్డు వెడల్పుగా ఉన్న చోట కారు ఆపి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, అరగంట సేపు చెట్టు నీడన కూర్చున్నాం. ఆ తరువాత రెండవ గేరులో మెల్లగా దిగి క్షేమంగా ఇల్లు చేరాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు పాఠం చెప్పినవాణ్ణి. అందులో మొదటి పాఠమే మరిచిపోయాను! ఆ పాఠం ఏమిటో చెబుతాను, వినండి.

మీ రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకోండి. వెచ్చబడ్డాయి గదా? కదలిక ఎక్కడికీ పోదు. రాపిడి వల్ల వేడిగా మారుతుంది. బ్రేకు చేసే పని కూడా ఇంతే. చక్రంతో పాటు పోత ఇనుముతో చేసిన పళ్ళెం ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాన్ని డిస్కు అంటారు. బ్రేకు తొక్కినప్పుడు ప్యాడ్లు అనే రెండు బిళ్ళలు ఆ పళ్ళేన్ని చెరొక వైపునుంచీ పట్టకారులా నొక్కుతాయి. కారు వేగమంతా అక్కడ వేడి అవుతుంది.

ఎంత వేడి? మనుషులతో కలిపి మా కారు బరువు సుమారు 1250 కిలోలు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఆ కారును ఒక్కసారి ఆపితే పుట్టే వేడితో ఒక లీటరు చన్నీళ్ళు మరిగే దాకా కాగుతాయి. ఇక కొండ సంగతి చూడండి. 800 మీటర్ల ఎత్తు నుంచి కేవలం బ్రేకు మీదనే దిగితే, ఆ వేడికి 30 లీటర్లకు పైగా నీళ్ళు మరుగుతాయి. అనగా రెండు పెద్ద బిందెల నీళ్ళు! అందులో ఎక్కువ భాగం ముందు చక్రాల డిస్కుల మీదనే పడుతుంది. గేరులో ఉంటే ఇంజను కూడా చక్రాలను వెనక్కు పట్టి, ఆ భారం కొంత తాను మోస్తుంది. గేరు తీయించి ఆ సాయం పోగొట్టినవాణ్ణి నేనే.

పోనీ, పెట్రోలు మిగిలిందా అంటే అదీ లేదు. ఈనాటి కార్లలో గేరులో ఉండి పల్లానికి దిగేటప్పుడు ఇంజనుకు పెట్రోలు దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజను ఆరిపోకుండా ఉండడానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది. ఇంజను పూర్తిగా ఆపేస్తే మరీ ప్రమాదం. బ్రేకుకూ స్టీరింగుకూ ఉండే సాయం పోయి రెండూ బిగుసుకుంటాయి.

ఇంటికి వచ్చాక కూడా వణుకు పూర్తిగా పోలేదు. ఒక షెడ్డులో చూపిస్తే, "డిస్కులు అప్పడాల్లా వంగిపోయాయి," అని కొత్తవి వేశారు. కొన్ని నెలలు బాగానే ఉంది. మళ్ళీ వణుకు మొదలయింది!

ఈసారి వేరొక ముసలి మెకానిక్కు దగ్గరకు వెళ్ళాం. అతను చక్రం విప్పి, డిస్కు మందాన్ని మైక్రోమీటరుతో చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచాడు. "వంగిందని అందరూ అంటారు గాని మాస్టారూ, చాలాసార్లు ఇది వంపు కాదు. ఒకచోట మందం, ఒకచోట పలచన," అన్నాడు.

సరిగా వత్తని చపాతీ ఎలా ఉంటుంది? అలాగన్నమాట. మందంగా ఉన్న చోటు వచ్చినప్పుడల్లా ప్యాడ్లు వెనక్కు నెట్టబడతాయి. పలచని చోట పట్టు సడలుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో చిన్న కారు చక్రం సెకనుకు సుమారు తొమ్మిదిసార్లు తిరుగుతుంది. కాబట్టి సెకనుకు తొమ్మిదిసార్లయినా ఒక కుదుపు! అదే మన చేతికి వణుకుగా తెలుస్తుంది. ఇందుకు పెద్ద తేడా అక్కర లేదు. మిల్లీమీటరును నూరు భాగాలు చేస్తే, అందులో రెండు భాగాలు చాలు. మీ నోటుపుస్తకంలో కాగితం మందం అంతకు నాలుగైదు రెట్లు ఉంటుంది.

ఆ తేడా ఎందుకు వచ్చింది? మెకానిక్కు డిస్కు తీసి, దాని వెనక ఉన్న హబ్బు చూపించాడు. దాని మీద తుప్పు పెచ్చులు కట్టి ఉన్నది. దాన్ని గీకకుండానే కొత్త డిస్కు బిగించారు. అందుచేత డిస్కు వెంట్రుకవాసి పక్కకు ఒరిగి, తిరిగినప్పుడల్లా ఒకే చోట ప్యాడుకు రాసుకుని, అక్కడ అరిగిపోయింది. చక్రం నట్లు ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా బిగించినా ఇంతే. బాగా కాలిన డిస్కు మీద కారు ఆగిన తరువాత కూడా బ్రేకు నొక్కి ఉంచితే, ప్యాడు పదార్థం ఆ ఒక్కచోటనే అంటుకుని మచ్చకట్టవచ్చు.

రోగం తెలుసుకోకుండా మందు వేస్తే ఏమవుతుందో చూశారా?

మీ ఇంట్లో సైకిలు ఉంటే ఒక పని చేయండి. పెద్దవాళ్ళ సాయంతో సైకిలును తలకిందులుగా నిలబెట్టి, ముందు చక్రం మెల్లగా తిప్పండి. ఫోర్కుకు చెయ్యి ఆనించి, రిమ్ముకు తగలీ తగలకుండా సుద్దముక్క పట్టుకోండి. వేళ్ళు పుల్లలలోకి పోనివ్వకండి. చక్రం సరిగా ఉంటే గీత చుట్టూ పడుతుంది. లేదా అసలు పడదు. ఒక్కచోటనే పడితే చక్రం అక్కడ పక్కకు ఒరిగిందన్నమాట. సైకిలుషాపువాడు బెండు తీసేది ఇలా చూసుకునే.

ఇక పెద్దలకు నాలుగు మాటలు. బ్రేకు తొక్కకుండానే 80, 100 కిలోమీటర్ల వేగంలో వణికితే ముందు టైర్లు, చక్రాల బ్యాలెన్సింగు చూపించండి. తొక్కినప్పుడే స్టీరింగు వణికితే ముందు డిస్కులను అనుమానించాలి. సీటు వణికితే వెనక బ్రేకులను. జారే రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు పెడలు టకటక కొట్టడం మాత్రం ఏబీఎస్ పని. అది జబ్బు కాదు. డిస్కు ఎంతవరకు అరగవచ్చునో కనీస మందం సాధారణంగా దాని మీదనే అచ్చువేసి ఉంటుంది. అంతకన్న తగినంత మందం మిగిలితేనే లేతు పట్టించాలి, లేకపోతే మార్చాలి. మార్చినా, లేతు పట్టించినా కుడి ఎడమలు రెండూ ఒకేసారి. హబ్బు శుభ్రం చేయించి, నట్లు ఎదురెదురుగా, సమంగా బిగించమని అడగండి. కాలిన బ్రేకుల మీద నీళ్ళు మాత్రం పోయకండి.

మా కారు ఇప్పుడు వణకడం లేదు. మొన్న మళ్ళీ ఒక కొండ దిగుతుంటే మా మనమడు వెనక సీటులోనుంచి, "నాన్నా, గేరు తీయకు! తాతయ్య చెప్పినా వినకు!" అని అరిచాడు. నాకు కోపం రాలేదు. పాఠం వాడికి వచ్చింది గదా!

మీకొక లెక్క: 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును ఆపితే లీటరు నీళ్ళు మరుగుతాయన్నాను. 40 కిలోమీటర్ల వేగంలో ఆపితే ఎన్ని నీళ్ళు మరుగుతాయి? అరలీటరు అంటే మాత్రం తప్పు! ఎందుకో ఆలోచించి ఉంచండి. జవాబు వచ్చే నెల చెప్పుకుందాం.